ఆరే సమయం, దొరికే సమయం: ఒక ఔత్సాహిక వాటర్ కలర్ చిత్రకారిణి కేసు

వాటర్ కలర్ నేర్పడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ మిగిలిన కాస్త టైంలో బొమ్మలు వేసుకునేవాళ్ళే. వాళ్ళలో ఒకామె కేసు ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఆమె సమస్యని అందరూ రంగుల సమస్య అనుకున్నారు, ఆమె కూడా అదే అనుకుంది. తీరా చూస్తే అది టైం సమస్య. కాగితం మీద తడి ఆరడానికి పట్టే సమయానికీ, రోజులో ఆమెకు దొరికే సమయానికీ పొంతన కుదరలేదు. ఇలాంటి ఇబ్బంది చాలామందికి ఉంటుంది, కానీ దాన్ని ఆ పేరుతో ఎవరూ చెప్పరు. అందుకే రాస్తున్నాను.

వచ్చినప్పుడు

వయసు నలభై దాటింది. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది. ఇంట్లో భర్త, హైస్కూల్లో చదివే కొడుకు, మోకాళ్ళ నొప్పులతో ఎక్కువగా మంచం మీదే ఉండే అత్తగారు. చిన్నప్పుడు డ్రాయింగ్ బాగా వేసేదట. పెన్సిల్ పట్టుకోగానే ఆ సంగతి నాకూ తెలిసింది. గీతలో తడబాటు లేదు, కొలతలు సరిగ్గా కూర్చుంటున్నాయి. వాటర్ కలర్ మొదలుపెట్టి అప్పటికి కొన్నేళ్ళయింది.

"మేడమ్, ఏ బొమ్మ మొదలుపెట్టినా చివరికి బురదలా అయిపోతోంది. నాకు కలర్ సెన్స్ లేదేమో" అంది. చేతిలో ముప్పైకి పైగా ట్యూబులున్న పెట్టె. ఒక బొమ్మ చెడినప్పుడల్లా కొత్త ఆకుపచ్చో, కొత్త ఊదానో కొనుక్కుంది. మూడు రంగుల కంటే ఎక్కువ కలపొద్దని ఒకరు, నలుపు వాడొద్దని ఇంకొకరు, రోజూ వేస్తే అదే వస్తుందని మరొకరు చెప్పారట. రోజూ వేయలేకపోతున్నానన్న బాధ, వేసినరోజు చెడిపోతోందన్న బాధ రెండూ కలిసి, బ్రష్ పట్టుకోవడమంటేనే టెన్షన్‌గా ఉండే స్థితికి వచ్చింది.

కాగితం చెప్పిన సాక్ష్యం

కొత్త బొమ్మ వేయమని అడగలేదు. పాత బొమ్మల కట్ట మొత్తం తెమ్మన్నాను. వెనకాల తేదీ వేసే అలవాటు ఆమెకు ఉండటం ఈ కేసులో మాకు చాలా ఉపయోగపడింది. సెలవు రోజుల్లో వేసినవి ఒక పక్క, పనిరోజుల్లో రాత్రిళ్ళు వేసినవి ఇంకో పక్క పరిచాం. రెండు వరసల్లోనూ అవే ట్యూబులు, అదే పేపర్, దాదాపు అవే దృశ్యాలు. సెలవు రోజు ఆకాశాలు తేటగా ఉన్నాయి. రాత్రి వేసిన ఆకాశాలు మాసిపోయి ఉన్నాయి. కలర్ సెన్స్ ఆదివారం ఉండి మంగళవారం పోయేది కాదు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ మాధ్యమంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. ఏ క్షణంలో ఏం జరిగిందో వాటర్ కలర్ దాచదు. ఆయిల్‌లో, యాక్రిలిక్‌లో పైన ఇంకో పొర వేసి జరిగింది కప్పేయొచ్చు. ఇక్కడ పొరలన్నీ పారదర్శకం. చదవడం వస్తే, ఆ రాత్రి ఆ బల్ల దగ్గర ఏం జరిగిందో కాగితమే చెబుతుంది.

ఆమె ఆకాశాల్లో పువ్వులా విచ్చుకున్న మరకలు కనిపించాయి. వీటిని బ్లూమ్ అంటాం. వాష్, అంటే నీళ్ళతో పలచగా పరిచిన రంగు పొర, సగం ఆరి మెరుపు తగ్గుతున్న దశలో, దానికన్నా ఎక్కువ నీళ్ళున్న బ్రష్ తగిలితే ఆ నీళ్ళు పక్కకు పాకుతాయి. పాకుతూ రంగు రేణువుల్ని తోసుకెళ్ళి అంచున వదిలేస్తాయి. అంటే ఆమె కొంతసేపు ఆగి, మళ్ళీ వచ్చి, ఆరలేదని గమనించకుండా సరిదిద్దబోయింది. కొన్ని చోట్ల ఆకాశం మధ్యలో కత్తిరించినట్టు గట్టి అంచు ఉంది. అది వాష్ సగంలో వదిలేసి లేచి వెళ్ళిన గుర్తు. తడి ఆరేటప్పుడు అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచుకి ప్రవహిస్తూ రేణువుల్ని కూడా మోసుకెళ్తుంది. ఒలికిన కాఫీ చుక్క ఆరాక దాని అంచే ఎందుకు ముదురుగా ఉంటుందో 1997లో రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు 'నేచర్' పత్రికలో ఈ కారణంతోనే వివరించారు. మా పనిలో ప్రతి గట్టి అంచు వెనకా ఉన్నది ఆ ప్రవాహమే.

ఇక అసలు ఫిర్యాదు, బురద. వాటర్ కలర్‌లో రేణువుల్ని కాగితానికి పట్టి ఉంచేది గమ్ అరబిక్. ఆరిన తర్వాత కూడా నీళ్ళు తగిలితే అది మళ్ళీ కరుగుతుంది. కింది పొర పూర్తిగా ఆరి ఉండి, పై పొర ఒకే ఊపులో తేలిగ్గా వేస్తే రెండు రంగులూ ఒకదాని మీద ఒకటి నిలబడతాయి, వెలుతురు రెండింటి గుండా వెళ్ళి కాగితం తెలుపుని తాకి వెనక్కి వస్తుంది. కింది పొర చెమ్మగా ఉన్నప్పుడు బ్రష్‌తో రెండు మూడుసార్లు రుద్దితే పొరలు కలిసి ఒకే ముద్దవుతాయి. అప్పుడు ఎంత మంచి రంగులు కలిపినా మిగిలేది మురికి బూడిదే. ఆమె వాడిన జోడీల్లో తప్పేం లేదు. అల్ట్రామరైన్, బర్న్‌ట్ సియెనా కలిపి ఆదివారం చేసిన బూడిదరంగు చాలా అందంగా ఉంది. అదే జోడీ రాత్రిపూట బురదయింది.

అప్పుడు ఒక మామూలు రాత్రి ఎలా గడుస్తుందో చెప్పమన్నాను. తొమ్మిదిన్నరకి డైనింగ్ టేబుల్ ఖాళీ అవుతుంది. అన్నీ సర్దుకునేసరికి పావుగంట. ఆకాశం తడిపి రంగు వేయగానే అత్తగారికి మాత్రలివ్వాలి, లేదా కొడుకు ఏదో అడుగుతాడు. తిరిగొచ్చేసరికి తడి సగం ఆరి ఉంటుంది. పొద్దున్నే ఆ టేబుల్ అందరికీ కావాలి కాబట్టి ఆ రాత్రే పూర్తి చేయాలని ఆత్రం. హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెడుతుంది. దగ్గర్నుంచి పెట్టిన వేడిగాలి తడిరంగుని పక్కకు తోస్తుంది, పైన ఆరినట్టు కనిపించినా కాగితం లోపల చెమ్మ ఉంటుంది. దాని మీద చెట్లు, చెట్ల మీద నీడలు. బొమ్మల మీద నేను చదివిందంతా ఆమె నోటితో వరసగా వచ్చింది. నేను మధ్యలో ఏమీ అందించలేదు.

పేపర్, రంగులు

సామాన్ల విషయం త్వరగా చెప్పేస్తాను, ఈ కేసులో అది సగం వంతు కూడా కాదు. అయితే పేపర్ మార్చకుండా మిగతాది సాధ్యమయ్యేది కాదు. ఆమె వాడుతున్నది 190 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములు అని పేపర్ బరువు చెప్పే కొలత) చెక్కగుజ్జు పేపర్. తడవగానే అలలు అలలుగా లేస్తుంది. లోతు ఉన్నచోట నీళ్ళు నిలుస్తాయి, ఎత్తున్నచోట ఆరిపోతుంది. ఒకే ఆకాశంలో నాలుగు రకాల తడి ఉంటే ఏ క్షణంలో ఏం చేయాలో ఎంత అనుభవమున్నవాళ్ళైనా చెప్పలేరు. 300 జీఎస్ఎం కాటన్ పేపర్‌కి మార్పించాను. అది ఎక్కువసేపు తడిగా ఉంటుంది, టైం లేనివాళ్ళకి అదెలా పనికొస్తుందని ఆమె అడిగింది. మంచి ప్రశ్న. త్వరగా ఆరడం కంటే సమంగా ఆరడం ముఖ్యం. సమంగా ఆరే పేపర్ మీద మెరుపు చూసి దశ చెప్పొచ్చు. అద్దంలా మెరుస్తుంటే ఇంకా రంగు వదలొచ్చు. మెరుపు మందగిస్తే చిక్కటి రంగు మాత్రమే, నీళ్ళు వద్దు. మెరుపు పోయి మసకగా ఉంటే చెయ్యి తీసేయాలి. వేళ్ళ వెనకవైపు ఆనిస్తే చల్లగా తగలకూడదు, అప్పుడే పూర్తిగా ఆరినట్టు. లోపల చెమ్మ ఉన్నంతసేపు ఆవిరవుతూ కాగితాన్ని చల్లగా ఉంచుతుంది. డబ్బు పరిమితంగా ఉంటే ముందు పేపర్ మీద, తర్వాత ఒక్క మంచి బ్రష్ మీద, చివర్న రంగుల మీద పెట్టమని నేను అందరికీ చెబుతాను.

ముప్పై ట్యూబుల్లోంచి ఆరు ఎంచుకున్నాం. పేర్లని నమ్ముకోకుండా ట్యూబ్ మీద ఉండే పిగ్మెంట్ కోడ్ (లోపల ఉన్న అసలు రంగు పదార్థం ఏదో చెప్పే గుర్తు) చూసి ఎంచాం: అల్ట్రామరైన్ (పీబీ 29), థాలో బ్లూ (పీబీ 15), బర్న్‌ట్ సియెనా (పీబీఆర్ 7), ఎల్లో ఓకర్ (పీవై 43), ఒక నిలకడైన పసుపు (పీవై 154), క్వినాక్రిడోన్ రోజ్ (పీవీ 19). చివరిదాని వెనక ఒక కథ ఉంది. ఆమె అక్కకి కానుకగా ఇచ్చిన గులాబీల బొమ్మ కిటికీ ఎదుటి గోడ మీద వేలాడి, గులాబీ రంగంతా పోగొట్టుకుంది. అందులో ఒపేరా పింక్ అనే మెరిసే రంగు వాడింది. దాన్లోని ఫ్లోరసెంట్ డై వెలుతురుకి ఆగదు. అసలైన అలిజరిన్ క్రిమ్సన్ (పీఆర్ 83) కూడా అంతే. ఈ గొడవ కొత్తదేం కాదు. ఇంగ్లండ్‌లో 1888లోనే రస్సెల్, ఆబ్నీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నీటిరంగుల మీద వెలుతురు ప్రభావం గురించి పరీక్షలు చేసి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. ఎవరికైనా ఇచ్చే బొమ్మలో ఎగిరిపోయే రంగు వాడకూడదన్నది నాకు పట్టుదల. ఔత్సాహికులు వేసే బొమ్మల్లో ఎక్కువ భాగం అయినవాళ్ళ గోడల మీదికే వెళ్తాయి, ఆ గోడ మీద అవి ఏళ్ళ తరబడి ఉంటాయి.

రోజుని బట్టి బొమ్మని విడగొట్టడం

రోజుని మార్చుకోమని చెప్పడం తేలిక. ఆమె రోజు మారే పరిస్థితిలో లేదు, మార్చమనే హక్కు నాకూ లేదు. అందుకని బొమ్మ వైపు నుంచి ఆలోచించాం. ఒక వాటర్ కలర్ బొమ్మలో మధ్యలో ఆపితే చెడిపోయే పని ఏది, ఎక్కడ ఆపినా ఫరవాలేని పని ఏది అని రెండుగా విడదీశాం. చూస్తే, ఆపకూడనిది నిజంగా ఒక్కటే. పెద్ద తడి వాష్. బొమ్మ సైజు 13 బై 18 సెంటీమీటర్లకి తగ్గిస్తే ఆ వాష్ పది నిమిషాల్లోపే అయిపోతుంది. మిగతాదంతా పొడి కాగితం మీద చిన్న చిన్న ఆకారాలు. ఒక ఆకు, ఒక గోడ నీడ, ఒక కిటికీ చట్రం. వీటిని ఏ ఆకారం అంచు దగ్గరైనా ఆపి లేవచ్చు.

ఆమె రోజులో ఎవరూ పిలవని పది నిమిషాలు ఎప్పుడుంటాయి? తెల్లవారి, ఇల్లు లేవకముందు. ఆ టైం ఆమె ఎప్పుడూ బొమ్మకి వాడుకోలేదు, పది నిమిషాల్లో ఏమవుతుందని. పొద్దున్నే వాష్ వేసి, బోర్డు చదునుగా అటక మీద పెట్టి, ఆఫీసుకి వెళ్ళిపోవడం. సాయంత్రానికి అది హెయిర్ డ్రయ్యర్ అక్కర్లేకుండా, ఏ తొందరా లేకుండా లోపలిదాకా ఆరి ఉంటుంది. రాత్రి టేబుల్ దగ్గర రెండో పొర. అత్తగారు పిలిస్తే పట్టుకున్న ఆకారం ముగించి లేవడం. ఆఫీసులో మధ్యాహ్నం విరామంలో విజిటింగ్ కార్డు సైజులో పెన్సిల్ స్కెచ్. వెలుతురు, మధ్యరకం, చీకటి అని మూడే టోన్లు. ఈ స్కెచ్ అనుకున్నదానికంటే చాలా పని చేసింది. ఏది ఎంత ముదురుగా ఉండాలో ముందే తేలిపోవడంతో రాత్రి రంగు మీద రంగు వేస్తూ వెతుక్కోవాల్సిన అవసరం తగ్గింది. రాత్రి పూట తడి మీద తడి వద్దన్నది ఒక్కటే నిషేధం.

టేబుల్ సర్దే పావుగంట కూడా తగ్గించాం. ట్యూబు రంగుల్ని చిన్న పాన్లలో నింపి ఆరబెట్టి, ఆరు పాన్లు, రెండు బ్రష్‌లు, రెండు గ్లాసులు, గుడ్డ అన్నీ ఒకే ట్రేలో. గ్లాసులు రెండు ఎందుకంటే, ఒకటి బ్రష్ కడగడానికి, ఒకటి శుభ్రమైన నీళ్ళకి. ట్రే దించితే పని మొదలు, ఎత్తి పెడితే టేబుల్ ఖాళీ. ఒకేసారి రెండు మూడు బొమ్మలు వేర్వేరు దశల్లో ఉంచుకోమన్నాను. ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ ఇలాగే ఒకటి ఆరేలోగా ఇంకో బోర్డు అందుకునేవాడని ఆయన పని చూసినవాళ్ళు రాసిపెట్టారు.

ఏం జరిగింది

మొదట్లో పొద్దుటి వాష్‌లన్నీ వెలిసిపోయినట్టు వచ్చాయి. తడిగా ఉన్నప్పుడు సరిపోయిందనిపించే రంగు ఆరాక లేతబడుతుంది, ముదురు రంగుల్లో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంతకాలం అదే రాత్రి మళ్ళీ మళ్ళీ పూస్తూ పోవడం వల్ల ఆమెకి ఆ తేడా విడిగా తెలిసే అవకాశమే రాలేదు. అదే పేపర్ ముక్కల మీద రంగు మచ్చలు వేసి, తడిగా ఉన్నప్పుడు ఫొటో తీసి, ఆరాక పక్కన పెట్టి చూడమన్నాను. కొన్ని వారాల్లో కన్ను అలవాటుపడింది. పొద్దున్నే ధైర్యంగా చిక్కగా కలపడం మొదలుపెట్టింది. బురద గురించిన ఫిర్యాదు ఆ తర్వాత నేను వినలేదు.

నేను ఊహించని మార్పు బొమ్మల విషయంలో వచ్చింది. అంతకుముందు ఫోన్లో దొరికిన మంచుకొండలు, సరస్సులు వేసేది. చిన్న కాగితం మీద కొండలు ఇమడక, దగ్గర్లో ఉన్నవాటిని చూడటం మొదలుపెట్టింది. గుమ్మం దగ్గర చెప్పుల వరస, మాత్రల అట్ట పక్కన నీళ్ళ గ్లాసు, ఆఫీసు కిటికీలోంచి వాటర్ ట్యాంకు. అత్తగారి చేతులు దుప్పటి మీద. ఆ బొమ్మ నాకు చూపించినప్పుడు నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. దుప్పటి అంతా పొద్దుటి వాష్. చేతుల మీది ముడతలు రాత్రిళ్ళు ఒక్కొక్కటిగా, మంచం పక్కనే కూర్చుని వేసింది. అత్తగారు చూసి, "ఇన్ని ముడతలున్నాయా అమ్మాయ్ నాకు" అని, మళ్ళీ మర్నాడు తనే చెయ్యి దుప్పటి మీద పెట్టి కూర్చుందట. పిలిస్తే పని చెడేది అనుకున్న మనిషి పక్కనే కూర్చుని పని సాగింది. ఏ పాఠంతోనూ నేను దీన్ని చేయించలేను.

రెండుసార్లు ఆగింది

బొమ్మలు బాగుంటున్నాయని తెలిసి పరిచయస్తులు డబ్బిచ్చి వేయించుకుంటామన్నారు. ఆమె ఒప్పుకుంది. అందరికీ గులాబీలే కావాలి, పెద్ద సైజులో కావాలి, ఫలానా రోజుకి కావాలి. పొద్దుటి పది నిమిషాల్లో పెద్ద వాష్ కుదరదు, గడువు దగ్గరపడితే రాత్రి తడి వాష్ వేసింది, ఆరకముందే రేకులు వేసింది. బురద తిరిగొచ్చింది. అవే ఆరు రంగులు, అదే కాటన్ పేపర్. మా నిర్ధారణ సరైందేనని దీనికన్నా గట్టి రుజువు నేను కోరుకోలేదు, కానీ ఆమెకి అది చాలా కష్టమైన కాలం. ఒక ఆర్డరు అడ్వాన్సు తిరిగిచ్చేసి, కొత్తవి తీసుకోనని చెప్పేసింది. ఆ నిర్ణయానికి నేను పూర్తి మద్దతు ఇచ్చాను. తన ఇష్టం కోసం బొమ్మ వేసుకునే మనిషిని ఇంకా ప్రొఫెషనల్ కాలేకపోయిన మనిషిగా చూడటం నాకు అసలు నచ్చదు. ఆర్డర్లు తీసుకునేవాళ్ళ పని వేరు, ఆ పనికి కావలసిన రోజు వేరు.

రెండోసారి అత్తగారు ఆసుపత్రిలో చేరినప్పుడు. పొద్దుటి టైం పోయింది, రాత్రి టైం పోయింది. "మానేస్తే చెయ్యి పోతుందేమో మేడమ్" అని భయపడింది. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. చెయ్యి అంత తేలిగ్గా పోదు. ట్రే అటక మీదే ఉండనివ్వమన్నాను. ఓపికుంటే ఆ మూడు టోన్ల పెన్సిల్ స్కెచ్ మాత్రం, లేకపోతే అదీ వద్దన్నాను. ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్ళ చిన్న స్కెచ్‌లు కొన్ని వచ్చాయి. ఇంటికి వచ్చాక మొదటి వాష్ కాస్త బిగుసుకుని వచ్చింది, తర్వాత సర్దుకుంది.

ఈ కేసు పరిమితులు

ఈ పద్ధతి అందరికీ ఇలాగే పనిచేస్తుందని చెప్పను. ఆమెకి డ్రాయింగ్ ముందే వచ్చు. గీత రానివాళ్ళు రాత్రి రెండో పొరలో ఆకారాలు వెతుక్కుంటూ మళ్ళీ రుద్దుతారు, వాళ్ళకి ముందు పెన్సిల్ పని కావాలి. పొద్దున్న కూడా ఖాళీ దొరకని ఇళ్ళున్నాయి. పసిపిల్లల తల్లులకి నేను తడి వాష్ పూర్తిగా తీసేసి, పొడి కాగితం మీద పొరల పద్ధతి మాత్రమే చెబుతాను. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువై సాయంత్రానికి కూడా పేపర్ చల్లగా తగిలిన రోజులు ఆమెకూ వచ్చాయి. ఆ రోజుల్లో రాత్రి ఇంకో బొమ్మ తీసుకోవడమే.

తీరని కోరిక ఒకటి మిగిలింది. పెద్ద షీటు మీద పెద్ద ఆకాశం. పది నిమిషాల్లో అది కాదు. ఇప్పుడు మేం ప్రయత్నిస్తున్నది, 300 జీఎస్ఎం పేపర్‌ని రెండువైపులా బాగా తడిపి, యాక్రిలిక్ షీటు మీద అంటించినట్టు పరిచి వేయడం. కింద కూడా నీళ్ళుంటాయి కాబట్టి పై తడి చాలాసేపు నిలుస్తుంది, మధ్యలో ఎవరైనా పిలిచి వెళ్ళొచ్చినా మెరుపు పోకుండా ఉండే వీలుంది. మొదటి ఆకాశం ఒక మూల మరీ పలచబడింది, మిగతాది నిలబడింది. ఈసారి రంగు ఇంకా చిక్కగా కలిపి, బోర్డు కాస్త వాల్చి చూద్దామనుకున్నాం.